నేర్చుకుంటే వచ్చిన వారసత్వం

వారసత్వం ఇంట్లో పెద్దల నుంచి వస్తుందే తప్ప పనిగట్టుకుని నేర్పితే వచ్చేది కాదని చాలామంది నమ్మకం. తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్ అనే కళా సంస్థ చరిత్ర చూస్తే ఆ నమ్మకం నిలవదు. ఆ సంస్థ పుట్టింది మెక్సికన్ మూలాలున్న అమెరికన్లు తమను చికానోలుగా చెప్పుకుని హక్కుల కోసం కదిలిన కాలంలో. బడిలో స్పానిష్ మాట్లాడితే శిక్ష. పాఠాల్లో తమవాళ్ల ఊసు లేదు. 1968 మార్చిలో ఆ ప్రాంతపు హైస్కూలు పిల్లలు వేలాదిగా తరగతులు బహిష్కరించింది అందుకే. 1970లో సిస్టర్ కారెన్ బొకలేరో అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసిని, మెక్సికో నుంచి వచ్చిన కార్లోస్ బ్వెనో, ఆంటోనియో ఇబాన్యెజ్ వంటి చిత్రకారులతో కలిసి ఒక గరాజ్‌లో స్క్రీన్ ప్రింటింగ్ మొదలుపెట్టారు. చట్రానికి బిగించిన సన్నటి తెర మీద రంగు పోసి, రబ్బరు పలకతో ఒక్కసారి లాగితే బొమ్మ కాగితం మీదికి దిగుతుంది. రంగుకో తెర మారుస్తూ పోవాలి. పెద్ద యంత్రాలు అక్కర్లేదు, ఒకే బొమ్మ పదుల ఇళ్లకు చేరుతుంది. డబ్బులేని పేటకు ఇంతకంటే తగిన కళ ఏముంటుంది? పిల్లలు తమ దగ్గరికి వచ్చేదాకా ఆగకుండా, 1975లో బార్రియో మొబైల్ ఆర్ట్ స్టూడియో పేరుతో ఒక వ్యాన్‌నే బడులకూ వీధులకూ పంపారు. అందులో ఫొటోగ్రఫీ, బాతిక్, బొమ్మలాట కూడా నేర్పేవారు.

నేర్పితే వారసత్వం వస్తుందనే మాటకు ఒక గట్టి ఆక్షేపణ ఉంది. 1970ల తొలినాళ్ల నుంచి ఈ సంస్థ జరుపుతున్న మృతుల దినం అనే మెక్సికన్ పండుగ ఆ పేటలో చాలా కుటుంబాలకు అప్పటికి అలవాటు లేనిదే. బంతిపూలు, కొవ్వొత్తులు, పోయినవారి ఫొటోలతో వేదిక అమర్చడం అక్కడి పిల్లలు ఈ సంస్థకు వచ్చే నేర్చుకున్నారు. మరి అది తెచ్చిపెట్టుకున్న ఆచారం కాదా? తెచ్చిపెట్టుకున్నదే. కానీ వలస వల్లా, బడి వల్లా తెగిన తీగను ఎవరో ఒకరు పూనుకుని ముడివేయాల్సిందే. ముడి కనబడినంత మాత్రాన తీగ పరాయిది కాదు. ఇక కళ కూడు పెడుతుందా అనేవారూ ఉన్నారు. పేదరికాన్ని బొమ్మలు తీర్చలేవు, నిజమే. 1979 నుంచి తాను ఉంటున్న భవనాన్ని యజమాని అయిన కేథలిక్ ఆర్చ్‌డయోసిస్ 2008లో అమ్మేస్తే ఈ సంస్థ ఆపలేకపోయింది. అయినా 2011లో పక్కనున్న బాయిల్ హైట్స్‌కు మారి పని కొనసాగించింది. అప్పటికి సిస్టర్ కారెన్ చనిపోయి పద్నాలుగేళ్లు. స్థాపించినవారూ, భవనమూ పోయాక కూడా నిలిచిన ఆచారాన్ని అరువు సొమ్ము అనలేం. అది ఆ పేట సొంత పండుగ.