తాళపుచెవి పోయిన గ్రంథాలయం

గ్రంథాలయానికి గ్రంథసూచి తాళపుచెవి వంటిది. 2023 అక్టోబరులో లండనులోని బ్రిటిష్ లైబ్రరీ దానినే పోగొట్టుకొన్నది. రైసిడా అనే హ్యాకర్ల ముఠా చొరబడి, సుమారు 600 గిగాబైట్ల సమాచారం అపహరించి, పునరుద్ధరణ సాగకుండా కొన్ని సర్వర్లను ధ్వంసం చేసినది. పుస్తకాలు అరలలోనే ఉన్నవి. వాని జాడ చెప్పే డేటాబేసు మూగబోయినది.

లైబ్రరీ సొమ్ము చెల్లించలేదు. డిజిటల్ సేకరణల ప్రతులు భద్రంగానే ఉన్నవి. కాని వానిని తిరిగి నిలుపుటకు తగిన యంత్రాలు లేకపోయినవి. 2024 జనవరి 15న గాని గ్రంథసూచి, అదియును వెదకుటకు మాత్రమే, మరల అందలేదు.

అక్కడి తెలుగు పుస్తకాలకు బార్నెట్ కూర్చిన పట్టిక 1912లోనే అచ్చయినది. దానిని ఏ హ్యాకరూ చెరపలేడు.

మిత్రులారా, ప్రతి దాచుకొనుట సగం పనియే. అది మరల నిలుచునో లేదో ముందుగా పరీక్షించుకొనుట తక్కిన సగం.