చెదరిన విశ్వాసం

1945 జనవరి 27వ తేదీన సోవియట్ సైన్యం పోలండులోని ఔష్విట్జ్ నిర్బంధ శిబిరాన్ని విడిపించినప్పుడు అక్కడ ప్రాణాలతో మిగిలినవారు సుమారు 7,000 మంది. అంతకుముందు ఐదేండ్ల లోపున ఆ ఒక్కచోటనే దాదాపు 11 లక్షలమంది హతులైనారు. వారిలో 10 లక్షలమంది వరకు యూదులు. యూరపు ఖండమంతటా హతులైన యూదుల సంఖ్య 60 లక్షలు. బ్రతికి బయటపడినవారు తల్లిదండ్రులను, బిడ్డలను, ఇండ్లను కోల్పోయినారు. అనేకులు దేవుని మీది నమ్మకాన్ని సైతం కోల్పోయినారు.

యూదులకు కష్టాలు కొత్త కావు. దేవుడు తమ పూర్వులతో ఒక ఒడంబడిక చేసికొన్నాడనీ, దానిని తప్పితే శిక్ష, పశ్చాత్తాపపడితే క్షమ కలుగుతాయనీ వారి గ్రంథాలు బోధిస్తాయి. క్రీ.శ. 70లో రోమనులు జెరూసలేము దేవాలయాన్ని నేలమట్టం చేసినప్పుడు వారి పండితులు ఈ బోధతోనే గుండె దిటవు చేసికొన్నారు. కాని విషవాయువు గదులలోనికి పంపబడిన పసిపిల్లలు ఏ ఒడంబడికను తప్పినారు? పాత సమాధానం ఈ ప్రశ్న ముందు నిలువలేకపోయినది.

మరొక భేదమున్నది. మధ్యయుగాలలో మతం మార్చుకొంటే ప్రాణం దక్కిన సందర్భాలు అనేకం. అట్లు మారక మరణించినవాడు దైవనామాన్ని పవిత్రం చేసిన ధన్యుడు. 1935 నాటి న్యూరెంబర్గు చట్టాలు ఆ అవకాశాన్ని కూడా తీసివేసినవి. ఒకడు యూదుడా కాదా అన్నది అతని నమ్మకాన్ని బట్టి కాక, తాతలూ అవ్వలూ ఎవరన్న దానినిబట్టి నిర్ణయమైనది. భక్తుడు, నాస్తికుడు, క్రైస్తవం పుచ్చుకొన్నవాడు ఒకే రైలుపెట్టెలో కుక్కబడినారు. విశ్వాసంకోసం ప్రాణమర్పించినామన్న తృప్తి సైతం వారికి మిగలలేదు.

ఎలీ వీజెల్ 1928లో సిగెట్ పట్టణంలో జన్మించినాడు. బాల్యంనుండి ధర్మగ్రంథాలే లోకంగా పెరిగినాడు. 1944 మే నెలలో ఆ కుటుంబాన్ని ఔష్విట్జ్‌కు తరలించినారు. తల్లి, చిన్న చెల్లెలు అక్కడ మరణించినారు. తండ్రి 1945 జనవరిలో బుకెన్‌వాల్డ్ శిబిరంలో కన్నుమూసినాడు. 1958లో ఫ్రెంచి భాషలో వెలువడిన 'రాత్రి' అనే గ్రంథంలో వీజెల్ ఆ అనుభవాన్ని వ్రాసినాడు. శిబిరంలో అడుగుపెట్టిన రాత్రి చుట్టూ ఉన్నవారు మృతులకై చెప్పే 'కద్దిష్' ప్రార్థన చదువుతున్నారు. ఆ ప్రార్థనలో చావు ప్రసక్తి లేదు. ఉన్నది దైవస్తుతి మాత్రమే. ఎందుకు స్తుతించవలెనని ఆ బాలుని హృదయం తిరుగబడినది. ప్రాయశ్చిత్త దినాన అతడు ఉపవాసముండలేదు. తండ్రి వద్దన్నాడు, దేవుని మౌనాన్ని అంగీకరించడానికి తన మనస్సూ ఒప్పుకోలేదు.

ఇటలీ రసాయన శాస్త్రజ్ఞుడు ప్రీమో లేవీ మొదటినుండి నమ్మకం లేనివాడు. 1944 అక్టోబరులో చావుకు పంపవలసినవారి ఎంపిక జరిగినది. తాను తప్పించుకొన్నందుకు ఒక వృద్ధుడు దేవునికి బిగ్గరగా కృతజ్ఞత చెప్పుకొంటున్నాడు. ప్రక్క పడకలో చావుకు ఎంపికైన ఇరువదేండ్ల యువకుడున్నాడు. లేవీకి ఆ ప్రార్థన దుస్సహమైనది. తనకే ఒకప్పుడు ప్రార్థించాలనే కోరిక కలిగినదనీ, భయంవల్ల పుట్టిన ప్రార్థన నిజాయితీ కాదని మానుకొన్నాననీ ఆయన 1986లో వ్రాసినాడు.

అయితే అందరి దారి ఒకటి కాలేదు. నమ్మకం విడిచినవారున్నారు, నిలుపుకొన్నవారున్నారు, శిబిరంలోనే నమ్మకం పొందినవారూ ఉన్నారు. వీజెల్ విడుదల తరువాత ఫ్రాన్సులోని బాలల శరణాలయంలో తిరిగి ప్రార్థన ప్రారంభించినాడు. కోపం మాత్రం తగ్గలేదు. శిబిరంలో ముగ్గురు పండితులు దేవునిపై విచారణ జరిపి, దోషిగా తేల్చి, వెంటనే సాయంకాల ప్రార్థనకు లేచినారని, అది తాను చూచినదేనని ఆయన చెప్పేవాడు. అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, 1997లో, ఒక వార్తాపత్రికలో దేవుని సంబోధిస్తూ ఇక మనం రాజీపడుదామని వ్రాసినాడు.

తమవారు ఏనాడు మరణించినారో తెలియనివారు లక్షలాది. అటువంటివారు కద్దిష్ చెప్పుకొనుటకు ఇజ్రాయెల్ మతాధికారులు తెబెత్ నెల పదవ దినాన్ని ఏర్పాటుచేసినారు. నమ్మకం సడలినవారికి సైతం ఆ దినాన ఒక ఇబ్బంది ఎదురవుతుంది: తల్లిదండ్రులను స్మరించుటకు వారి చేతిలో ఉన్నది ఆ దైవస్తుతి ఒక్కటే.