ప్రొజాక్ పేటెంటు ఎప్పుడు ముగిసింది?

పేటెంటు కాగితం మీదున్న తేదీని చూసి మందు మీద గుత్తహక్కు ఎప్పుడు పోతుందో చెప్పలేం. గడువు ఏ రోజు నుంచి లెక్కకొస్తుంది, ప్రభుత్వ అనుమతి కోసం గడిచిన కాలానికి ఎంత పొడిగింపు దక్కింది, అదే ఆవిష్కరణ మీద వేసిన తక్కిన దరఖాస్తులు ఏమయ్యాయి అన్నవి కూడా చూడాలి. అమెరికాలో ఈ లెక్కలన్నీ ఒకే మందు చుట్టూ చిక్కుపడిన కథ ప్రొజాక్‌ది. మానసిక కుంగుబాటుకు వాడే ఈ మందు అసలు పేరు ఫ్లూయాక్సెటిన్. ఇండియానాపొలిస్‌లోని ఎలీ లిల్లీ కంపెనీ దీన్ని తయారుచేసింది.

ఇంగ్లండులో 1624 నాటి చట్టం కొత్త ఆవిష్కరణకు 14 ఏళ్ల హక్కు ఇచ్చింది. పనివాడి దగ్గర కుర్రవాడు పని నేర్చుకునే ఏడేళ్ల కాలానికి అది రెట్టింపు. 1790లో అమెరికా కూడా 14 ఏళ్లనే గరిష్ఠ పరిమితిగా పెట్టుకుంది. 1836లో దానికి ఏడేళ్ల పొడిగింపు తోడైంది. 1861లో ఆ పొడిగింపును ఎత్తేసి, 14కూ 21కీ మధ్య రాజీగా 17 ఏళ్లు ఖాయం చేశారు. ఆ 17 ఏళ్లు దరఖాస్తు వేసిన నాటి నుంచి కాక పేటెంటు మంజూరైన నాటి నుంచి మొదలయ్యేవి. తర్వాతి శతాబ్దంలో మందుల కంపెనీల వ్యూహమంతా ఈ ఒక్క నిబంధన మీదే నడిచింది.

మొదట వేసిన తల్లి దరఖాస్తు పరిశీలనలో ఉండగానే, అందులో వివరించిన విషయం నుంచి పిల్ల దరఖాస్తు వేసుకోవచ్చు. పిల్లకు తల్లి తేదీయే వర్తిస్తుంది కాబట్టి ఈలోగా అచ్చయిన పరిశోధనలేవీ దాని కొత్తదనాన్ని చెరపలేవు. గడువు మాత్రం అప్పట్లో పిల్ల పేటెంటు మంజూరైన రోజు నుంచే మొదలయ్యేది. అంటే పేటెంటు కార్యాలయంలో దరఖాస్తు ఎంత నానితే కంపెనీకి అంత లాభంగా ఉండేది. ఆలస్యానికి ఇంతగా బహుమానం ఇచ్చిన చట్టాలు అరుదు.

లిల్లీ 1974 జనవరి 10న వేసిన దరఖాస్తు నుంచి ఇలాగే పేటెంట్ల వరుస పుట్టింది. మొదటిది 1977లో వచ్చింది. ప్రొజాక్‌కు ముఖ్యమైన పేటెంటు 1982 ఫిబ్రవరి 2న మంజూరైంది. ఫ్లూయాక్సెటిన్ ఇచ్చి మెదడు కణాలు సెరటోనిన్ అనే రసాయనాన్ని తిరిగి పీల్చుకోకుండా ఆపే పద్ధతి మీద మరొకటి 1986 డిసెంబరు 2న చేతికందింది. దాని లెక్కన హక్కు 2003 డిసెంబరు దాకా ఉంటుంది. దరఖాస్తు నాటి నుంచి చూస్తే దాదాపు ముప్ఫై ఏళ్లు.

1982 పేటెంటు మామూలుగా 1999 ఫిబ్రవరిలో ముగియాలి. అయితే 1984లో వచ్చిన హాచ్-వాక్స్‌మన్ చట్టం ఈ తేదీని జరిపింది. థాలిడొమైడ్ విషాదం తర్వాత 1962లో మందుల పరీక్షలు కఠినమయ్యాయి, దాంతో గడువులో ఏళ్లకేళ్లు అనుమతి కోసమే పోతున్నాయని కంపెనీలు గోల పెట్టాయి. కొత్త చట్టం ప్రకారం మనుషుల మీద పరీక్షలకు పట్టిన కాలంలో సగం, ప్రభుత్వ పరిశీలనకు పట్టిన కాలం మొత్తం తిరిగి దక్కుతాయి. పొడిగింపు ఐదేళ్లు దాటకూడదు. అనుమతి వచ్చిన నాటి నుంచి మిగిలే గడువు 14 ఏళ్లు మించకూడదు. ఒక మందుకు ఒక్క పేటెంటునే పొడిగిస్తారు. చట్టం వచ్చేనాటికే పేటెంటు పొంది, పరీక్షలు మొదలుపెట్టిన మందులకు మాత్రం పొడిగింపు రెండేళ్లే. 1987 డిసెంబరులో అనుమతి పొందిన ప్రొజాక్ ఈ కోవలోదే. గడువు 2001 ఫిబ్రవరి 2కు జరిగింది.

1997లో ఇంకో వెసులుబాటు వచ్చింది. ప్రభుత్వం కోరిన మేరకు పిల్లల్లో మందును పరీక్షిస్తే జెనరిక్‌లకు, అంటే అదే మందును వేరే కంపెనీలు చేసే రూపాలకు, మరో ఆరు నెలలు తలుపు తెరవరు. ఫలితం అనుకూలమా కాదా అన్న ప్రశ్న లేదు, పరీక్ష జరిపితే చాలు. దీంతో తేదీ 2001 ఆగస్టు 2 అయింది. దాని వెనక 1986 పేటెంటు 2003 దాకా కాపలా కాస్తూ ఉంది.

ఆ పేటెంటును బార్ లాబొరేటరీస్ అనే జెనరిక్ కంపెనీ కోర్టుకీడ్చింది. ఒకే ఆవిష్కరణకు రెండుసార్లు పేటెంటు తీసుకోకూడదన్నది దాని వాదన. 2000 ఆగస్టు 9న ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ వాదనతో ఏకీభవించింది. ఆ ఒక్క రోజే లిల్లీ షేరు ధర దాదాపు 30 శాతం పడిపోయింది. 2001 మేలో కోర్టు తీర్పును సవరించినా ఫలితం మారలేదు. ఆందోళన తగ్గించడానికి ఫ్లూయాక్సెటిన్ ఇవ్వడం మీద లిల్లీకి అప్పటికే ఒక పేటెంటు ఉంది. మందు ఇస్తే సెరటోనిన్ పీల్చుకోవడం దానంతటదే ఆగుతుంది. ఆ సహజ ఫలితాన్నే వేరే మాటల్లో మళ్లీ రాసుకుంటే కొత్త ఆవిష్కరణ కాదని కోర్టు తేల్చింది.

2001 ఆగస్టులో జెనరిక్‌లు వచ్చాయి. పేటెంటును మొదట సవాలు చేసిన కంపెనీకి 1984 చట్టం 180 రోజుల ప్రత్యేక అమ్మకపు హక్కు ఇస్తుంది. ఆ హక్కు మందు మోతాదును బట్టి విడివిడిగా దక్కుతుంది. 20 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌పై అది బార్‌కు వెళితే, 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌పై హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్‌కు దక్కింది. ఇలాంటి హక్కు పొందిన మొదటి భారతీయ కంపెనీ అదే. గుంటూరు ప్రాంతపు తాడేపల్లిలో పుట్టి, ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో దాన్ని నెలకొల్పారు. మందు పదార్థానికి కాక తయారీ పద్ధతికే, అదీ గరిష్ఠంగా ఏడేళ్లకే పేటెంటు ఇచ్చిన 1970 భారత చట్టం నీడన హైదరాబాదు బల్క్ డ్రగ్ పరిశ్రమ ఎదిగింది.

ఈలోగా అమెరికాలో 1995 జూన్ 8 నుంచి లెక్కే మారింది. ఆ తర్వాత వేసే దరఖాస్తుల గడువు తొలి దరఖాస్తు నుంచి 20 ఏళ్లు, పిల్ల దరఖాస్తు ఎన్నేళ్లకు మంజూరైనా అంతే. పాత పేటెంట్లకు మాత్రం రెండు లెక్కల్లో ఏది ఎక్కువైతే అది వర్తించింది. ప్రొజాక్ పేటెంట్లకు 1974 నుంచి ఇరవై ఏళ్లు లెక్కేస్తే 1994లోనే ముగియాలి, పాత 17 ఏళ్ల లెక్కే వాటిని నిలబెట్టింది. భారతదేశం 2003లో 20 ఏళ్ల గడువును, 2005 జనవరి 1 నుంచి మందు పదార్థానికి పేటెంటును అమలులోకి తెచ్చింది. ఇక్కడ కూడా తల్లి దరఖాస్తు నుంచి విడదీసి వేసే విభజన దరఖాస్తుకు తల్లి తేదీ నుంచే గడువు నడుస్తుంది. అనుమతి ఆలస్యమైందన్న కారణంతో పొడిగింపు ఇవ్వడం మాత్రం భారత చట్టంలో లేదు.