డొమైన్ నుంచి సబ్‌డొమైన్‌కు దారి మళ్లింపు

ఒక వెబ్‌సైట్ ప్రధాన చిరునామాను తెరిచినవారిని, దాని కిందే ఉండే మరో చిరునామాకు బ్రౌజర్ తనంతట తానే తీసుకెళ్లేలా చేసే ఏర్పాటు ఇది. ప్రధాన చిరునామాను డొమైన్ అని, దాని ముందు ఒక పేరు, చుక్క చేరితే ఏర్పడేదాన్ని సబ్‌డొమైన్ అని, ఈ ఏర్పాటును దారి మళ్లింపు లేదా రీడైరెక్ట్ అని అంటారు. కొత్త చిరునామా సిద్ధమైతే పని అయిపోయినట్టేనని చాలా సంస్థలు భావిస్తాయి. అసలు బాధ్యత అప్పుడే మొదలవుతుంది. పాత చిరునామాలోని ప్రతి పేజీకీ కొత్త చోటు చూపించి, ఆ దారిని ఏళ్ల తరబడి కాపాడినప్పుడే మళ్లింపు పూర్తయినట్టు. భూమి రికార్డులు, కరెంటు బిల్లులు, ప్రయాణాలు అన్నీ వెబ్ చిరునామాల మీద నడుస్తున్న మహేశ్వరం, శంషాబాద్ వంటి ప్రాంతాల్లో ఇది పౌరసేవకు సంబంధించిన విషయం.

పనిచేసే తీరు

ఉదాహరణకు శంషాబాద్ విమానాశ్రయాన్ని తీసుకోండి. దాని వెబ్ చిరునామా విమానయాన రంగానికే కేటాయించిన ‘ఏరో’ విభాగంలో, హైదరాబాద్.ఏరో అన్న పేరుతో ఉంది. ఇలాంటి పేరు ముందు చేరే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ కూడా సాంకేతికంగా సబ్‌డొమైనే. అది లేకుండా పొట్టి పేరు టైప్ చేసినవారిని ఆ సబ్‌డొమైన్‌కు చేర్చాలంటే రెండు అంచెల పని ఉంటుంది. మొదటిది డీఎన్‌ఎస్. ఇది పేరును సర్వర్ ఐపీ అంకెలుగా మారుస్తుంది. ఒక పేరును మరో పేరుకు ముడివేసే సీనేమ్ రికార్డు ఇందులో ఉన్నా, 1987 నాటి ప్రమాణాల ప్రకారం సీనేమ్ ఉన్నచోట వేరే రికార్డు ఉండకూడదు. డొమైన్ మూల పేరు మీద, దాని బాధ్యత చూసే డీఎన్‌ఎస్ సర్వర్ల వివరాలిచ్చే ఎన్‌ఎస్, ఎస్‌ఓఏ రికార్డులు తప్పనిసరి కాబట్టి అక్కడ సీనేమ్ పెట్టే వీలు లేదు. అమెజాన్ రూట్ 53 వంటి సేవలు ‘అలియాస్’ పేరుతో ఈ ఇబ్బందిని దాటే మార్గం కల్పించాయి.

అలియాస్ పెట్టినా మళ్లింపు జరిగినట్టు కాదు. డీఎన్‌ఎస్ సర్వర్ ఎక్కడుందో చెప్పి ఊరుకుంటుంది, బ్రౌజర్‌లో కనిపించే చిరునామాను మార్చదు. మార్చేది రెండో అంచె, అంటే వెబ్ సర్వర్. బ్రౌజర్ పేజీ అడిగినప్పుడు సర్వర్ మూడంకెల సంకేతంతో పాటు ‘లొకేషన్’ అనే వరుసలో కొత్త చిరునామా పంపుతుంది. 301, 308 సంకేతాలు శాశ్వత మార్పును, 302, 307 తాత్కాలిక మార్పును తెలుపుతాయి. 301 వచ్చినప్పుడు నింపిన ఫారాన్ని బ్రౌజర్ మామూలు పేజీ అభ్యర్థనగా మార్చేయవచ్చు, దాంతో అందులోని వివరాలు పోతాయి. 307, 308 అలా మార్చనివ్వవు. దరఖాస్తులు స్వీకరించే సైట్లు ఈ తేడాను గమనించి తీరాలి. పాత పేరుకు భద్రతా సర్టిఫికెట్ ఉండటం కూడా అంతే ముఖ్యం. హెచ్‌టీటీపీఎస్ చిరునామాలో ముందు సర్టిఫికెట్ తనిఖీ జరుగుతుంది. దాని గడువు తీరిపోతే మళ్లింపు సందేశం అందకముందే బ్రౌజర్ హెచ్చరిక చూపిస్తుంది. స్టార్ గుర్తుతో తీసుకునే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ సబ్‌డొమైన్లకే వర్తిస్తుంది కాబట్టి మూల పేరును అందులో విడిగా చేర్చుకోవాలి.

తెలంగాణలో మారిన పేర్లు

రాష్ట్రంలో పేర్లు ఎంత త్వరగా మారతాయో భూమి రికార్డులను చూస్తే తెలుస్తుంది. 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి పోర్టల్ స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. రెండూ రాష్ట్ర ప్రభుత్వ డొమైన్ కింది సబ్‌డొమైన్లే. ఐదేళ్లు కూడా నిండకుండానే మహేశ్వరం రైతు, మీసేవ నిర్వాహకుడు, బ్యాంకు ఉద్యోగి కొత్త చిరునామా నేర్చుకోవాల్సి వచ్చింది. 2024లో రాష్ట్ర సంక్షిప్త నామం టీఎస్ నుంచి టీజీకి మారింది. ఆర్టీసీ, ఈ ప్రాంతానికి కరెంటు ఇచ్చే దక్షిణ డిస్కం తమ పేర్లలోని అక్షరాలను మార్చుకున్నాయి. పేరు మార్చే ఉత్తర్వు ఒక్క రోజులో వెలువడుతుంది, పాత చిరునామాలు మాత్రం ఫోన్లలోని బుక్‌మార్కుల్లో, వాట్సాప్ సందేశాల్లో, నోటీసు బోర్డుల మీద ఉండిపోతాయి. అందువల్ల పాత పేజీలన్నింటినీ కొత్త సైట్ మొదటి పేజీకి మళ్లించడం సరిపోదు. సర్వే నంబరు వివరాలు చూసే పేజీకి వెళ్లబోయిన మనిషి స్వాగత పేజీలో తేలితే, మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. పేజీకి పేజీ చొప్పున, చిరునామా చివర ప్రశ్నార్థకం తర్వాత ఉండే భాగంతో సహా మళ్లించాలి.

అభ్యంతరాలు, సమాధానాలు

జనం గూగుల్‌లో వెతుక్కుంటారు, పాత చిరునామా ఎందుకని కొందరు వాదిస్తారు. కానీ ఆ వెతుకులాటే శాశ్వత మళ్లింపు మీద ఆధారపడి ఉంది. పాత పేజీ సంపాదించుకున్న గుర్తింపును కొత్త పేజీకి జమ చేయడానికి సెర్చ్ ఇంజిన్లు చూసే గట్టి సంకేతం అదే. పైగా పేరు మారిన రోజుల్లో వెతికేవారికి నకిలీ సైట్లు తగిలే ప్రమాదం ఎక్కువ. మళ్లింపు వల్ల పేజీ ఆలస్యమవుతుందన్నది రెండో అభ్యంతరం. అందులో నిజం ఉంది, ప్రతి మళ్లింపుకూ బ్రౌజర్ మరోసారి సర్వర్ దాకా వెళ్లి రావాలి. పాత పేరు నుంచి రెండో పేరుకు, అక్కడి నుంచి మూడో పేరుకు గొలుసు కట్టకుండా నేరుగా చివరి చోటుకే పంపితే ఆ భారం ఒక్కసారితో సరిపోతుంది. మోసగాళ్లు కూడా మళ్లింపులే వాడతారన్నది మూడోది, అన్నింటికంటే బరువైనది. ఏ చిరునామా ఇస్తే అక్కడికి పంపించే తెరిచిన మళ్లింపు ప్రమాదకరమే. గమ్యాన్ని సర్వర్‌లోనే ఖాయం చేస్తే ఆ ముప్పు ఉండదు. గమ్యం ప్రభుత్వ డొమైన్ కింది సబ్‌డొమైన్ అయితే అది అసలు సైటేనని చిరునామా చూసి పోల్చుకోవచ్చు. ప్రభుత్వ డొమైన్ కింద పేర్లు ప్రభుత్వ సంస్థలకే దక్కుతాయి.

కాలపరిమితి

మళ్లింపును కనీసం ఏడాది పాటు ఉంచాలని గూగుల్ సూచిస్తుంది. అది సెర్చ్ ఇంజిన్ అవసరానికి సరిపోయే గడువు. భూమి కాగితం మీద అచ్చయిన చిరునామా అవసరం తరం మారినా ఉండవచ్చు. డాట్ కామ్, డాట్ ఇన్ వంటి బహిరంగ విభాగాల్లో తీసుకున్న పాత పేరును రెన్యువల్ చేయకుండా వదిలేస్తే మరెవరైనా దాన్ని కొనుక్కుని, పాత నమ్మకాన్ని వాడుకుని జనాన్ని మోసగించగలరు. ఆ నష్టంతో పోలిస్తే ఏటా కట్టే రెన్యువల్ రుసుము, సర్టిఫికెట్ నిర్వహణ చాలా చిన్న ఖర్చు. కాబట్టి పేరు మార్చే ప్రతి ప్రజాసంస్థా పాత చిరునామాల జాబితాను, ప్రతి పేజీ గమ్యాన్ని, వాటిని చూసుకునే అధికారి హోదాను కొత్త సైట్ ప్రారంభానికి ముందే ఖరారు చేయాలి. పాత పేరును వదిలేసే నిర్ణయానికి కూడా, కొత్త పేరును ఎంచుకునేటప్పుడు తీసుకున్నంత జాగ్రత్త తీసుకోవాలి.