వేమన్న అన్నగారి ఇల్లు

కిందటి కార్తీకంలో మా అన్నావాళ్ళతో కలిసి కదిరి వెళ్ళాను. నరసింహస్వామి దర్శనం చేసుకుని, తిమ్మమ్మ మర్రిమాను నీడలో పులిహోర పొట్లాలు విప్పుకుని తిని, తిరిగొచ్చేటప్పుడు కటారుపల్లెలో వేమన్న సమాధి దగ్గర ఆగాం. ఈ కదిరి సీమ ఒకప్పుడు మా కడప జిల్లాలోదే. తర్వాత అనంతపురానికి పోయింది. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా అంటున్నారు. జిల్లాలు ఎన్ని మారినా వేమన్న మాత్రం కదలకుండా అక్కడే వున్నాడు.

సమాధి దగ్గర ఒక పెద్దాయన మాకు వేమన్న కథ చెప్పాడు. మీరూ వినే వుంటారు. అన్నగారు గొప్పవాడు, వదినగారు ఇల్లాలంటే ఇల్లాలు. తమ్ముడు వేమారెడ్డి మాత్రం ఒక వేశ్య ఇంట్లో పడి వుండేవాడు. ఇంట్లో డబ్బంతా ఆ ఇంటికి చేరవేశాడు. చివరికి ఆవిడ 'మీ వదిన నగలు కావాలి' అని కూచుంది. తమ్ముడొచ్చి వదిన్ని అడిగాడు. వదిన కాదనలేదు, ఇస్తానంది. అయితే ఒక షరతు పెట్టింది. ఆ షరతేమిటో ఆ పెద్దాయన చెప్పలేదు. మా చిన్నప్పుడు మా జేజి చెప్పేటప్పుడూ సరిగ్గా అక్కడే దగ్గొచ్చేది. నేనూ ఈ పేజీలో రాయను. షరతు ప్రకారం నగలిచ్చి, ఆమెను తేరిపార చూసిన వేమన్నకు రోత పుట్టిందట. ఆ పూటతో కళ్ళు తెరుచుకున్నాయి.

మా అన్న మనవరాలికి పదిహేనేళ్ళు. అంతా విని, నా కొంగు పట్టుకుని అడిగింది: "అవ్వా, ఆ ఇంట్లో పిల్లోళ్ళు ఎవరూ లేరా?"

నేను మా అన్నవైపు చూశాను. ఆయన బయట చింతచెట్టు కింద నిలబడి వున్నాడు. కథ వినడానికి లోపలికి రాలేదు.

"ఏమో తల్లీ, కథలో చెప్పలేదు" అన్నాను. అన్నానే గానీ, ఇంటికొచ్చినా ఆ మాట నన్ను వదల్లేదు. ఉన్న నాలుగు పుస్తకాలూ మళ్ళీ తిరగేశాను.

ముందు అన్నగారి సంగతి చూద్దాం. కొన్ని కథల్లో ఆయన ఏకంగా కొండవీటి ప్రభువు. వేమన ఊరు కొండవీడని చెప్పే పద్యం ఒకటి వుండడంతో జనం ఆయన్ను ఆ రెడ్డిరాజుల ఇంటి బిడ్డను చేసేశారు. కాని కొండవీటి రాజ్యం 1424 ప్రాంతానికే ముగిసిపోయింది. వేమన్నను బ్రౌన్ దొర మొదలుకొని చాలామంది పదిహేడో శతాబ్దం వాడంటారు. మధ్యన రెండువందల ఏళ్ళకు పైగా ఎడం వుంది. రెండువందల ఏళ్ళ కిందటి అన్నకు ఏ తమ్ముడైనా తలవంపులెట్లా తెస్తాడు? వదినగారి పేరు నరసమాంబ అని కొందరు రాశారుగాని, ఆ పేరుకూ ఆధారం కథే.

ఈ వేమన్నను అచ్చులోకి తెచ్చింది బ్రౌన్ దొర. మచిలీపట్నంలో ఉద్యోగం చేసేటప్పుడు, 1824లో, ఒక ఫ్రెంచి పాదిరీ పుస్తకంలో వేమన పేరు ఆయన కంటబడింది. ఇక అక్కణ్ణుంచి తాటాకు ప్రతులకోసం వేట. 1829లో 693 పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. కడపలో బంగళా కొని, సొంత జీతం డబ్బులతో పండితులకు జీతాలిచ్చి ప్రతులు రాయించిన మనిషి ఆయన. ఆ బంగళా వున్నచోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం వుంది. దాన్ని చూస్తున్నదెవరో తెలుసా? యోగి వేమన విశ్వవిద్యాలయం! దొర వేమన్నను బతికించాడు, వేమన్న పేరుమీద దొర పుస్తకాలు బతుకుతున్నాయి. ఆ తర్వాత మన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు వేమనమీద ఉపన్యాసాలిచ్చారు. 1929లో అవి పుస్తకంగా వచ్చాయి. ఆయన కట్టుకథలకంటే పద్యాలనే ఎక్కువ నమ్ముకున్నారు.

పద్యాల్లో చూస్తే వదినగారి జాడే లేదు. పైపెచ్చు ఆడవాళ్ళను తిట్టిన పద్యాలు తక్కువేమీ కావు. చదువుతుంటే నాకైతే ఒళ్ళు మండుతుంది. అంత తిట్టినాయన్ను ఒక ఆడమనిషే బాగుచేసిందని కథ కట్టారు చూడండి, ఎవరు కట్టారో గాని ఆ తెలివికి దండం పెట్టాలి. రాజులో పండితులో కట్టివుండరు. ఇంట్లో అట్లాంటి తమ్ముణ్ణో, మరిదినో, కొడుకునో పెట్టుకుని వేగినవాళ్ళే కట్టివుంటారని నా నమ్మకం. దారి తప్పినవాడు ఏదో ఒకనాటికి వేమన్న అవుతాడన్న ఆశ లేకపోతే వాళ్ళకు తెల్లవారేదెట్లా?

ఆ ఆశ సంగతి నాకు తెలుసు. అందుకే ఇంత రాస్తున్నాను.

1979లో నేను పదో తరగతి. మాది ప్రొద్దుటూరు దగ్గర ఒక పల్లె. అన్న నాకంటే ఐదేళ్ళు పెద్ద. టౌనులో కాలేజీకని పోయి మట్కాలో పడ్డాడు. ఈ కాలం పిల్లలకు తెలియదేమో, మట్కా అంటే నెంబర్ల జూదం. ఓపెన్ అని ఒక నెంబరు, క్లోజ్ అని ఒక నెంబరు. బొంబాయిలో నెంబరు తీస్తే మా ఊరి టీ బంకులో కొంపలు కూలేవి. ఆ ఏడు వానల్లేక శెనక్కాయ పైరు నిలువునా ఎండింది. నాయన అప్పులవాళ్ళకు మొహం చాటేసి తిరుగుతున్నాడు. ఇంట్లో అందరికీ అన్న సంగతి తెలుసు, ఎవరూ ఎత్తరు. రాత్రిపూట జేజి మాత్రం నన్ను పక్కలో వేసుకుని వేమన్న కథ చెప్పేది. చెప్పి, చివర్లో అనేది: "మనోడూ మారతాడులే పాపా. వేమన్న మారలేదా? ఓర్చుకోవల్ల."

ఒకనాడు పరుపు దులుపుతుంటే అన్న తలవైపున ఒక చీటీ దొరికింది. అమ్మ కమ్మలు కుదువపెట్టిన రసీదు. ఏడురాళ్ళ కమ్మలు, పెట్టె అడుగున మూటగట్టి వున్నాయని అమ్మ అనుకుంటోంది. గడువు తేదీ చూశాను. ఇంకా పదకొండు రోజులుంది.

పదకొండు రోజులూ నేను నోరెత్తలేదు. చీటీ మళ్ళీ అక్కడే పెట్టేశాను. బడికి పోయేదాన్ని, వచ్చేదాన్ని, అన్నకు సంగటి ముద్ద పెట్టేదాన్ని. ఆయన నా మొహం చూసేవాడు కాదు, నేను ఆయన మొహమే చూసేదాన్ని, ఈ పూట మారాడా, ఈ పూట మారాడా అని. లెక్కల నోటుపుస్తకం వెనకపేజీలో రోజుకొక గీత గీసుకున్నాను. పదకొండు గీతలయ్యాయి. కమ్మలు పోయాయి.

అమ్మకు తెలిసి ఏడ్చింది, నాయన అన్నను వాకిట్లోకి గెంటాడు, అవన్నీ మామూలే. నాకు ముందే తెలుసునన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నలభై ఐదేళ్ళు దాటాక ఇదే చెప్పడం.

పెళ్ళై కర్నూలు వచ్చాక టీవీలో 'యోగి వేమన' సినిమా చూశాను. 1947లో వాహినీవారు తీశారు. తాడిపత్రి వాస్తవ్యులు కె.వి. రెడ్డిగారి దర్శకత్వం, వేమన వేషం నాగయ్యగారిది. ఆయన కళ్ళు చూస్తేనే మనకు కన్నీళ్ళొస్తాయి. ఆ సినిమావాళ్ళు కథలో ఒక పిల్లను పెట్టారు! అన్నగారి కూతురు జ్యోతి. వేమన్నకు ఆ పిల్లంటే ప్రాణం. ఆ పిల్ల చచ్చిపోతుంది, ఆ దుఃఖంతో వేమన్నకు వైరాగ్యం వస్తుంది. అప్పుడు నేను కుమిలి కుమిలి ఏడ్చాను. ఇప్పుడు అన్న మనవరాలి ప్రశ్న విన్నాక వేరే విధంగా తోస్తోంది. ఆ ఇంట్లో ఒక పిల్ల వుందని గుర్తొచ్చినవాళ్ళకు కూడా, చిన్నాయన కళ్ళు తెరవడానికే ఆ పిల్ల కావాల్సి వచ్చింది. ఇంట్లో నగలు ఒక్కొక్కటే మాయమవుతుంటే ఆ పిల్ల ఏమనుకుందో, రాత్రి ఎవరి పక్కన పడుకుందో మనకు తెలియదు.

ఆ వాహినీ వెనక వున్న బి.ఎన్. రెడ్డిగారూ, అదే 1947 జూలైలో చక్రపాణిగారితో కలిసి 'చందమామ' మొదలుపెట్టిన నాగిరెడ్డిగారూ సొంత అన్నదమ్ములు, మా కడప జిల్లావాళ్ళు. ఇద్దరికీ ఫాల్కే అవార్డులొచ్చాయి, అన్నకు 1974కు, తమ్ముడికి 1986కు. ఒకే ఏడు అన్నగారి వైపునుంచి దారితప్పిన తమ్ముడి సినిమా, తమ్ముడుగారి వైపునుంచి పిల్లల పత్రిక. చందమామ ఇప్పుడు రావడంలేదు గాని, మా తరం అక్షరాలు దిద్దిందే దాంతో. అందులోనూ అన్నదమ్ముల కథలు బోలెడు. ఎందుకూ పనికిరాడనుకున్న చివరివాడు రాజ్యం గెలుచుకొస్తాడు. చూశారా, అక్కడా అదే ఆశ. వాడు తిరిగొచ్చేదాకా ఇంట్లో చెల్లెలు ఎట్లా వుందో రాసిన కథ నేను చదివిన చందమామల్లో లేదు.

అట్లాంటి కథలు వున్నాయని నాకు తెలిసింది మా అమ్మాయి వల్ల. కర్నూల్లో ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ లైబ్రరీనుంచి ఇంగ్లీషు నవలలు తెచ్చేది. వంట చేస్తుంటే పక్కన కూచుని తెలుగులో చెప్పేది. అమెరికాలో ఎస్.ఇ. హింటన్ అని ఒకావిడ. పదహారేళ్ళప్పుడు హైస్కూల్లో వుండగానే నవల రాసింది, 1967లో అచ్చయింది. తల్లీతండ్రీ పోయిన ముగ్గురు అన్నదమ్ముల కథ. చెప్పేవాడు అందరికన్నా చిన్నవాడు, పద్నాలుగేళ్ళ పిల్లవాడు. 1971లో ఆవిడదే ఇంకొకటి వచ్చింది. అందులో ఇద్దరు కుర్రాళ్ళు, ఒకే తల్లి పెంచింది, ఒకే గదిలో పడుకుంటారు. ఒకడి పరుపు కింద రెండోవాడికి మత్తుమందులు దొరుకుతాయి. రెండోవాడు పోలీసులకు ఫోన్ చేసేస్తాడు. తర్వాత ఆ చేసిందానికి తనలో తనే తెగక నలిగిపోతాడు.

పోపు మాడిపోయింది ఆవేళ. మా అమ్మాయి "ఏంటమ్మా" అంటే "మిరపకాయ ఘాటు" అన్నాను.

బెట్సీ బయర్స్ రాసిన హంసల కథ ఇంకొకటి. 1970లో వచ్చింది, మరుసటేడు అక్కడ పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబరీ బహుమానం అందుకుంది. పద్నాలుగేళ్ళ శారా తమ్ముడు చార్లీ, చిన్నప్పుడు జబ్బు చేసి మాట పోయినవాడు. రాత్రిపూట హంసల్ని చూడాలని లేచి వెళ్ళి తప్పిపోతాడు. పొద్దస్తమానం తన పాదాలు పెద్దవని, తను అందంగా లేనని విసుక్కునే ఆ పిల్ల అవన్నీ మరిచిపోయి కొండల్లో పడి తమ్ముణ్ణి వెతుకుతుంది. తమ్ముడు బాగైపోడు, మాట రాదు. దొరుకుతాడు, అంతే. దొరికితే చాలునన్నట్టు రాసిందావిడ. నాకు ఈ పుస్తకమే ఎక్కువ నచ్చింది.

మన వేమన్న కథ వీటికి తీసిపోతుందని అనడంలేదు. చెప్పేవాళ్ళు దాన్ని ఒక పక్కకు ఒరగబెట్టారని మాత్రం అనిపిస్తోంది. మా జేజి వదినగారిని చూపించి ఓర్చుకోమనేది. మీ ఇళ్ళల్లోనూ అంతే అయ్యుంటుంది. కాని కథను మళ్ళీ ఒకసారి చూడండి. వదినగారు ఓర్చుకుని ఊరుకుందా? లేదే! నగలు కావాలన్న రోజున తనే మాట్లాడింది. ఇవ్వనని తలుపు వేసుకోలేదు, ఏడుస్తూ చేతిలో పెట్టనూ లేదు. ఇదిగో, తీసుకో, అయితే నేను చెప్పినట్టు చెయ్యి అంది. ఆ ఒక్కమాట చెప్పాల్సిన చోటే మా జేజికి దగ్గొచ్చేది. షరతు మాట మింగేసి ఓర్పు మాట మిగిల్చారు. పదిహేనేళ్ళ పిల్లనైన నాకు కథలో అందింది ఆ మిగిలిందే. వదిన చేసిన పని పూర్తిగా తెలిసివుంటే, ఆ చీటీ పట్టుకుని "అన్నా, ఇదేంది? గడువులోపల నువ్వు విడిపిస్తావా, నాయనకు చెప్పమంటావా?" అని అడిగేదాన్నేమో. అడిగితే ఏమయ్యేదో నాకు తెలియదు. చెంపమీద ఒకటి తినేదాన్నేమో కూడా.

మా అన్న వేమన్న కాలేదు, అట్లాగని పాడైపోనూ లేదు. ఇంట్లోంచి గెంటాక నంద్యాలలో బియ్యం కొట్టులో గుమాస్తాగా చేరాడు. మట్కా ఎప్పుడు మానాడో ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. పన్నెండేళ్ళకు ఒక ఉగాదినాడు అమ్మకు కొత్త కమ్మలు చేయించి తెచ్చాడు, ఏడురాళ్ళవే. అమ్మ తీసుకుని కళ్ళకద్దుకుని పెట్టెలో పెట్టింది. ఒక్కనాడూ పెట్టుకోలేదు. పోయేముందు నా చేతిలో పెట్టింది. నేనూ పెట్టుకోలేదు.

బీరువాలో వున్నాయి. వచ్చే ఏడు ఆ పిల్ల పది పాసవుతుంది, ఇద్దామని వుంది. ఇస్తే ఇవి ఎక్కడివవ్వా అని అడుగుతుంది గదా.