థమ్ దగ్గరే తేలే ప్లాటూన్: జంగారెడ్డిగూడెం గ్రౌండుల నుంచి ఒక పరిశీలన

డ్రిల్ మీద మనవాళ్లు రాసే వ్యాసం ఏది తీసినా చరిత్రకారుడు విలియం మెక్‌నీల్‌తో మొదలై మెక్‌నీల్‌తోనే ముగుస్తోంది. 1995 నాటి ‘కీపింగ్ టుగెదర్ ఇన్ టైమ్’లో ఆయన వాదం తెలిసిందే. పదిమంది కలిసి చాలాసేపు అడుగు వేస్తే కండరాల్లోంచే ఐక్యత పుడుతుందని, నాట్యమూ డ్రిల్లూ ఒకే తాను ముక్కలని ఆయన అంటారు. 1941లో సైన్యంలో చేరి టెక్సాస్‌లో తాను చేసిన కవాతే ఈ ఆలోచనకు మూలమని చెప్పుకొన్నారు. పెద్ద చరిత్రకారుడే, కాదనను. కానీ ఆయన చూపు ఎక్కువగా కదిలే కాళ్ల మీదే ఉంది, ఆజ్ఞ వినే చెవుల మీద కాదు.

సంక్రాంతి సెలవులు ముగిశాక జంగారెడ్డిగూడెం పాఠశాలల్లో రిపబ్లిక్ డే రిహార్సల్స్ చూసినవారికి నా అనుమానం అర్థమవుతుంది. తేజ్ చల్ (వేగంగా నడిచే కవాతు) పిల్లలకు త్వరగానే పట్టుబడుతుంది. డ్రమ్ము మోగితే చాలు, అడుగు దానంతటదే పడుతుంది. చిక్కంతా థమ్ (ఆగమనే ఆజ్ఞ) దగ్గరే. ముందు వరుస ఆగుతుంది, మధ్య వరుస ఇంకో అడుగు వేస్తుంది, వెనక వరుస వచ్చి గుద్దుకుంటుంది. పీటీ సారు కేకలు వేసేది అక్కడే.

కొంచెం నిలబడి చూస్తే లోపం పిల్లల కాళ్లలో లేదని తెలుస్తుంది. ఎడమ కాలు నేలను తాకే వేళకు ‘థమ్’ పడాలి. దానికి ముందు హెచ్చరిక మాటను సాగదీయాలి, కాస్త ఆగాలి, తర్వాత ఆజ్ఞను తుంచినట్టు వదలాలి. ఆ ఆగడంలో ప్లాటూన్ మొత్తం ఊపిరి బిగబట్టి వింటుంది. కమాండ్ ఇచ్చే కుర్రాడు తొందరపడి రెండు ముక్కలనూ కలిపేస్తే, ఎంత సాధన చేసిన జట్టయినా చెదిరిపోతుంది. అదే జట్టును గొంతు తెలిసిన మరో కేడెట్ చేతిలో పెట్టండి, వెంటనే కుదురుకుంటుంది. కాళ్లు అవే, కండరాలు అవే. మారింది గొంతు ఒక్కటే.

ఇంకో సంగతి. తేజ్ చల్‌లో అడుగు 30 అంగుళాలు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి అది అందదు. పక్కవాడి అడుగు పొడవు, వీడి అడుగు పొట్టి. మెక్‌నీల్ చెప్పే సమాన కదలిక ఇక్కడ మొదటి అడుగులోనే పోయింది. అయినా మంచి కమాండ్ కింద ఈ పిల్లలే ఒక్కటిగా నిలబడుతున్నారు. దహినే సజ్‌లో (కుడివైపు చూసి వరుస సరిచేసుకునే ఆజ్ఞలో) మెడ తిప్పి, చిన్న చిన్న అడుగులతో సర్దుకుని, తర్వాతి కమాండ్‌కు కదలకుండా ఎదురుచూసే ఆ కొద్దిసేపట్లోనే ప్లాటూన్ పుడుతుందని నేనంటాను.

నాట్యమూ డ్రిల్లూ ఒకటేనన్న మెక్‌నీల్ మాటను సమర్థిస్తూ, కోలాటంలోనూ గురువు ఈల విని అడుగు మార్చుతారు కదా అనవచ్చు గాని, అక్కడ పాట ముందే దారి చూపిస్తుంది కనుక ఆ పోలిక నిలవదు.

చరిత్ర కూడా నా పక్షానే ఉంది. 1948 చట్టంతో ఏర్పడిన ఎన్.సి.సి.ని చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ విద్యార్థులకు తప్పనిసరి చేశారు. 1968లో ఆ నిబంధన ఎత్తేశారు. కలిసి నడిస్తేనే ఐక్యత వచ్చేటట్టయితే ఆ అయిదేళ్లు చాలవా? మన జిల్లాలు ఒకే దండుగా మారిపోవాలి కదా! మరోవైపు తాడేపల్లిగూడెం దగ్గరి మిలటరీ మాధవరం చూడండి. తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని ఇస్తున్న ఊరది. అక్కడి పిల్లలు కవాతు చేయకముందే తాతల గొంతులో కమాండ్ విని ఉంటారు. ఆ ఊరి సైనిక సంప్రదాయంలో వినికిడికీ పాత్ర ఉందని నా ఊహ. గోదావరి జిల్లాల సైనిక చరిత్రనంతా ఈ వైపు నుంచి తిరగరాయాలి.

పాదాల మధ్య కోణాలు, అంగుళాలు డ్రిల్ పుస్తకాల్లో భద్రంగానే ఉన్నాయి. కమాండ్ ఇచ్చే గొంతును మాత్రం పుస్తకం పట్టుకోలేదు. రిటైరైన హవల్దార్లు, పాత డ్రిల్ మాస్టార్లు మన మధ్య ఉండగానే వారి కమాండ్లను రికార్డు చేయించే పనిని విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు చేపట్టాలి.