కోరంగి శబ్దమును రంగూను కలహమును

జాతివివక్షమునుగూర్చిన చలనచిత్రములును, ఉపన్యాసములును నేఁడు మన పట్టణములకును వచ్చుచున్నవి. వానియందు అమెరికా, దక్షిణాఫ్రికాల కథలే హెచ్చు. విశాఖపట్టణపు శ్రోతకు అంతకంటెఁ జేరువ యగు కథ యొకటి కలదు.

కాకినాడ దాపునఁ గల కోరంగి రేవునుండి బర్మాకుఁ బోయిన తెలుఁగులను అచ్చటివారు 'కోరంగీ'లనిరి. మేస్త్రీలు ముందుగా సొమ్మిచ్చి విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణములనుండి కొనిపోయిన కూలీలకును ఆ పేరే యంటెను. కోరంగిని కన్నులఁ జూడనివాఁడును రంగూనులోఁ గోరంగియే!

1930 మే నెలలో రంగూను రేవునఁ దెలుఁగు కూలీలు కూలి హెచ్చింపుమని పని మానిరి. ఓడసరకు దింపించు కంపెనీలు బర్మీయులను బనిలోఁ జేర్చుకొనెను. రాజీ కుదిరి 26వ తేదిని తెలుఁగులు మరలి రాఁగానే బర్మీయులఁ బొమ్మనెను. అంతటఁ గలహము పుట్టి దినములకొలఁది సాగెను. 100 మందికి మించి చనిపోయిరి. వారిలోఁ దెలుఁగులే పెక్కండ్రు.

దీనిని జాతివైరమని వ్రాసి యూరకుండుట నాకు సమ్మతము గాదు. ఇరుజాతుల పేదలను ఒకే కూలికిఁ బోటీపెట్టి, అవసరము తీఱఁగానే యొకరిని వెడలఁగొట్టినవారి ప్రసక్తి యామాటలో లేదు.

1962లో బర్మాయందు సైనికప్రభుత్వ మేర్పడిన పిదప, తరములుగా నచ్చట నున్న తెలుఁగులు వేలకొలఁది తిరిగివచ్చిరి. విశాఖలోఁ గంచరపాలెమువద్ద వారు నిలిచిన పేటకు బర్మాక్యాంపని పేరు. రంగూనులోఁ గోరంగీలనఁబడినవారు ఇచ్చట బర్మావారైరి.